రిక్తహస్త ప్రదక్షిణము

(ఆషాఢ శుద్ధ ఏకాదశి సాయంకాలం దేవాలయ ప్రాంగణంలో జరిగిన ఉపన్యాస పాఠము)





ఇంకొక మూడు రోజులలో చతుర్దశి వస్తున్నది. ఆనాడు సింహాద్రి అప్పన్న స్వామి కొండ చుట్టూ గిరి ప్రదక్షిణ జరుగుతుంది. మీలో చాలామంది ఆ మధ్యాహ్నం తొలిపావంచా దగ్గర కొబ్బరికాయ కొట్టి బయలుదేరుతారు. హనుమంతవాక దాటి, సముద్రతీరం వెంబడి సాగి, మాధవధార మీదుగా రాత్రంతా నడిచి, పౌర్ణమి నాటికి మళ్ళీ స్వామి పాదాల చెంతకు చేరుకుంటారు. సుమారు 32 కిలోమీటర్ల దూరం. లక్షలాది పాదాలు ఒకే దిక్కుకు కదిలే ఆ దృశ్యాన్ని చూడడమే ఒక పుణ్యం.

ఈ సందర్భంలో ప్రదక్షిణను గురించి నాలుగు మాటలు చెప్పవలసిందని ధర్మకర్తలు నన్ను ఆజ్ఞాపించారు. ప్రదక్షిణ ఫలాన్ని గురించి మీరు చాలా విని ఉంటారు. అందుచేత నేను నడకను గురించి చెబుతాను. నడిచేటప్పుడు మన చేతిలో ఏముండాలి, నోట ఏముండాలి, మనస్సులో ఏముండాలి అనేదే ఈనాటి విషయం.

దేవుని దగ్గరకు, రాజు దగ్గరకు, గురువు దగ్గరకు రిక్తహస్తాలతో పోరాదని పెద్దలు చెబుతారు. పండో పుష్పమో పట్టుకొని పోవాలి. నిజమే. కాని ప్రదక్షిణకు మాత్రం శాస్త్రం మరొక మాట చెప్పింది. ప్రదక్షిణకు నాలుగు అంగాలున్నాయి. ఒకటి, అడుగులో అడుగు వేస్తూ తొందరపడకుండా సాగడం. రెండు, చేతులను ఊపకుండా నిశ్చలంగా ఉంచడం. మూడు, వాక్కున స్తోత్రం. నాలుగు, హృదయంలో ధ్యానం. ఈ నాలుగూ ఉన్నప్పుడే అది చతురంగ ప్రదక్షిణ. నిండు చూలాలు నూనె నిండిన కుండను మోసుకుంటూ ఎంత మెల్లగా నడుస్తుందో అంత మెల్లగా నడవాలని ఉపమానం కూడా చెప్పారు.

చేతులు ఊపకూడదనే ఆ రెండవ నియమం ఎందుకు పెట్టారా అని చిన్నతనంలో నాకు సందేహం ఉండేది. నడిచేవాడి చేతులు ఊగితే నష్టమేమిటి? ఈ వయస్సులో, ఈ కాలంలో, అది నాకు అర్థమయింది. చేయి కదిలితే కన్ను దాని వెంట పోతుంది. కన్ను పోయిన చోటికి మనస్సు పోతుంది. చేయి నిశ్చలమైతే కన్ను దారి మీద నిలుస్తుంది, మనస్సు నామం మీద నిలుస్తుంది. ఇప్పుడు మన చేతులు దేనికొరకు కదులుతున్నాయో మీకు నేను వేరుగా చెప్పనక్కరలేదు. సెల్‌ఫోను కొరకు.

ఆ వస్తువును దూషించడానికి నేనిక్కడ కూర్చోలేదు. దూరదేశంలో ఉన్న మనుమల ముఖాలను నాకు చూపించింది అదే. ఆపదలో వైద్యుణ్ణి పిలిచేది అదే. జనసమ్మర్దంలో తప్పిపోయిన వృద్ధులను తిరిగి ఇల్లు చేర్చింది కూడా అదే. ఉపకారం చేసే వస్తువును నిందించడం కృతఘ్నత. కాని ఉపకారం చేసే అగ్నినైనా పొయ్యిలో ఉంచుతాము గాని పక్కలో పెట్టుకొని పడుకోము కదా!

వేదంలో నడకకు సంబంధించిన ఒక ఆఖ్యానం ఉన్నది. ఋగ్వేదానికి చెందిన ఐతరేయ బ్రాహ్మణంలో, ఏడవ పంచికలో, హరిశ్చంద్ర మహారాజు కథ వస్తుంది. సంతానం లేని ఆ రాజు వరుణుణ్ణి ప్రార్థించి కుమారుణ్ణి పొందాడు. పుట్టినవాణ్ణి నీకే సమర్పిస్తానని మాట ఇచ్చాడు. రోహితుడు పుట్టాడు. తండ్రి ఏదో ఒక నెపంతో గడువు పెంచుకుంటూ పోయాడు. చివరకు రోహితుడికి సంగతి తెలిసింది. అతడు విల్లు తీసుకొని అడవికి వెళ్ళిపోయాడు. ఇక్కడ తండ్రికి వరుణుని ఆగ్రహంచేత ఉదరవ్యాధి వచ్చింది.

ఆ యువకుడి మనఃస్థితిని ఒకసారి ఊహించండి. ఇంటికి వెళితే ప్రాణం పోతుంది. వెళ్ళకపోతే తండ్రి ప్రాణం పోతుంది. ఈనాడు మనం మానసికమైన ఒత్తిడి అంటున్నామే, అంతకంటె పెద్ద ఒత్తిడి ఏముంటుంది? తండ్రి జబ్బు సంగతి విని అతడు ఊరివైపు తిరిగాడు. దారిలో ఇంద్రుడు బ్రాహ్మణ రూపంలో ఎదురుపడ్డాడు. ఉపాయమేదీ చెప్పలేదు. ధైర్యవచనాలూ చెప్పలేదు. కూర్చోకు, నిలబడకు, నడువు అన్నాడు. ఒక సంవత్సరం నడిచి మళ్ళీ ఊరివైపు తిరిగితే మళ్ళీ అదే మాట. ఈ విధంగా ఐదుసార్లు జరిగింది. ఆరవ సంవత్సరంలో, ఆ అడవిలోనే, అతనికి అజీగర్తుడనే ఋషి కుటుంబం కనిపించింది. అక్కడినుండి కథ శునశ్శేపుని వైపు మళ్ళుతుంది. శునశ్శేపుడు దేవతలను స్తుతించగా వరుణపాశాలు వదలిపోయాయి, హరిశ్చంద్రుని వ్యాధి తొలగింది. ఆ భాగంలోని ధర్మసూక్ష్మాలు చాలా గంభీరమైనవి, వాటిని మరొకనాడు చెప్పుకుందాము. ఈనాటికి మనం గ్రహించవలసినది ఒక్కటి. దారి తెలియని మనిషికి దేవతల రాజు ఇచ్చిన మొదటి ఉపదేశం నడవమని.

మన వైద్యశాస్త్రం కూడా ఇదే చెప్పింది. దేహాన్ని పీడించకుండా చేసే నడక ఆయుస్సును, బలాన్ని, మేధను, జఠరాగ్నిని వృద్ధి చేస్తుందని, ఇంద్రియాలను మేల్కొలుపుతుందని సుశ్రుతుడు చెప్పాడు. భోజనం చేసిన తరువాత నూరడుగులు వేయమన్నాడు. ఈనాటి వైద్యులది కూడా అదే మాట. పెద్దవయస్సువారు సహితం వారానికి కనీసం 150 నిమిషాలు నడక వంటి మధ్యరకపు వ్యాయామం చేయాలని ప్రపంచ ఆరోగ్య సంస్థ 2020లో సూచించింది. అంటే దినానికి ఇంచుమించు ఒక ఘడియ. ఘడియ అంటే 24 నిమిషాలు.

ఇక మా తైత్తిరీయ శాఖలో, ఆరణ్యకంలోని రెండవ ప్రపాఠకంలో, స్వాధ్యాయాన్ని గురించి చెబుతూ నిలబడి అయినా, నడుస్తూ అయినా, కూర్చొని అయినా, పడుకొని అయినా స్వాధ్యాయం మానవద్దని విధించారు. మా పాఠశాలలో ఇది ఆచరణలో ఉండేది. గౌతమీ తీరంలో, కోనసీమలో, మా గురువుగారి ఇంట మేము పదకొండుమంది విద్యార్థులం. తెల్లవారుజామున లేచి స్నానానికి గోదావరికి నడిచిపోయేవాళ్ళము. ఇంచుమించు మైలు దూరం. ముందు గురువుగారు, వెనుక మేము. స్నానం చేసి తడిబట్టలతో తిరిగి వచ్చేటప్పుడు, ముందురోజు చెప్పిన సంతను వల్లె వేసుకుంటూ నడవాలి. దారిలో లోకవార్త ఒక్కటి మాట్లాడరాదు. గురువుగారు వెనుదిరిగి చూసేవారు కారు. అయినా ఎవడి స్వరం తప్పినా ఆయన అడుగు ఆగేది. అడుగు ఆగితే మా గుండె ఆగేది. ఆయన ఒక మాట అంటుండేవారు: “కాలు నడుస్తూంటే నాలుక నిద్రపోకూడదురా. నాలుక పలుకుతూంటే మనస్సు పొరుగూరు పోకూడదు.” అరవై సంవత్సరాలు దాటినా ఆ మాట నా చెవిలో ఉన్నది.

చెవిలో ఉన్నది గాని ఆచరణలో నిలిచిందా? నిలవలేదు. ఈ సంగతి సభలో చెప్పదగినదా అని నేను చాలా ఆలోచించాను. కాని వ్యాసపీఠం ఎదుట కూర్చొని పరుల దోషాలను మాత్రమే చెప్పడం ధర్మం కాదు. అందుచేత నా దోషమే చెబుతాను.

పాఠశాల విడిచి గృహస్థుడనయిన తరువాత కూడా నాకు ఈ నడక అలవాటు పోలేదు. సాయం సంధ్య వార్చుకొని మా ఊరి కాలువగట్టు వెంబడి శివాలయం దాకా నడిచేవాణ్ణి. మా గృహిణి నాతో వచ్చేది. గుడిలో ప్రదక్షిణలు చేసి, కాసేపు అరుగు మీద కూర్చొని, తిరిగి వచ్చేవాళ్ళము. పిల్లల చదువులు, పెళ్ళిళ్ళు, అప్పులు, రోగాలు, అన్నీ ఆ గట్టు మీదనే మాట్లాడుకున్నాము. మాటలు లేని దినాలు కూడా ఉండేవి. అవి కూడా మంచి దినాలే.

2016లో మా పెద్దవాడు విదేశం నుండి వచ్చినప్పుడు నాకు ఒక ఫోను కొని ఇచ్చాడు. మొదట మనుమలతో మాట్లాడడానికే. తరువాత ముహూర్తాలు అడిగేవారు, ధర్మసందేహాలు అడిగేవారు, పూర్వ విద్యార్థుల వాట్సాప్ బృందాలు. అందరూ నన్నే అడుగుతున్నారనే తృప్తి ఒకటి నాలో బయలుదేరింది. దానికి అహంకారమని పేరు పెట్టడానికి నాకు అప్పుడు మనస్సొప్పలేదు. నడకలో కూడా ఫోను చెవి దగ్గరే ఉండేది. ఆమె నాలుగడుగులు వెనుక నడిచేది. ఒకనాడు గుడి వాకిట నిలబడి, “ఏమండీ, మీరు మాట్లాడుకోండి, నేను తిరిగొస్తాను” అన్నది. కోపం లేదు, నిష్ఠూరం లేదు. మరునాటి నుండి తానే ముందుగా బయలుదేరి ఒంటరిగా వెళ్ళివచ్చేది. నేను ఇంటి అరుగు మీద కూర్చొని సందేహాలు తీర్చుతుండేవాణ్ణి. రెండు సంవత్సరాలు ఈ విధంగా గడిచింది. 2021లో ఆమె శివసాయుజ్యం పొందింది. ఆ రెండు సంవత్సరాల సాయంకాలాలలో ఆమె నాతో ఏమి చెప్పుకోదలచిందో నాకు తెలియదు. ఏ శాస్త్రం తిరగవేసినా ఇప్పుడు తెలిసే ఉపాయం లేదు.

ఆ తరువాతి సంవత్సరం శరన్నవరాత్రులలో ఒకచోట పారాయణకు కూర్చున్నాను. పన్నెండో ఏట నేర్చిన అనువాకం. అందులో ఒక పనస దాటిపోయింది. దాటినట్లు కూడా నాకు తెలియలేదు. పక్కన కూర్చున్న పిల్లవాడు, నా శిష్యుని శిష్యుడు, మెల్లగా అందించాడు. ఆ రాత్రి నాకు నిద్రపట్టలేదు. వైద్యుని దగ్గరకు వెళితే పరీక్షలు చేసి, “జబ్బేమీ లేదు, మనస్సు అలసిపోయింది. రాత్రి ఎన్ని గంటల దాకా ఫోను చూస్తారు?” అని అడిగాడు. తలవంచుకొని, పదకొండు దాటుతుందన్నాను. “ఇదివరకు నడిచేవారు కదా, మళ్ళీ నడవండి. అది ఇంట్లో పెట్టి నడవండి” అన్నాడు. మా గురువుగారు చెప్పిన మాటనే నా మనుమడి ఈడు వైద్యుడు నాకు మళ్ళీ చెప్పవలసి వచ్చింది.

ఫోను ఇంట్లో పెట్టి కాలువగట్టు ఎక్కాను. మొదటినాడు జరిగిన సంగతి చెబితే మీరు నవ్వుతారు. గుడి చేరేలోపల నా చేయి ఏడుసార్లు పంచె రొండికి పోయింది. లేని ఫోను మోగినట్లు అనిపించింది. ఎవరో పిలుస్తున్నారు, ఏదో మునిగిపోతున్నది అనే ఆందోళన. కఠోపనిషత్తు శరీరాన్ని రథమని, ఇంద్రియాలను గుర్రాలని, మనస్సును పగ్గమని, బుద్ధిని సారథి అని చెప్పింది. నేను ఎన్ని సభలలో చెప్పానో ఆ ఉపమానం! నా పగ్గం ఏనాడో సారథి చేయి జారి, ముఖమెరుగని నలుగురి చేతులలోకి పోయిందని ఆ గట్టు మీద తెలిసింది. ఎవరు లాగితే అటు పోవడం నా గుర్రాలకు అలవాటయిపోయింది.

పది పదిహేను దినాలు గడిచాక చేయి వెతకడం మానింది. అడుగుకు ఒక నామం చొప్పున పలకడం మొదలుపెట్టాను. అడుగు, శ్వాస, నామం మూడూ ఒక తాళానికి వచ్చాయి. ప్రాణం చలిస్తే మనస్సు చలిస్తుంది, ప్రాణం కుదుటపడితే మనస్సు కుదుటపడుతుంది అని యోగశాస్త్రం చెప్పినది ఇదే. కూర్చొని ప్రాణాయామం చేయలేనివారికి కూడా నడక ఆ పని చేసిపెడుతుంది. మనస్సు వాయువువలె పట్టుబడదని అర్జునుడంతటివాడు మొరపెట్టుకుంటే, భగవానుడు అభ్యాసము, వైరాగ్యము అని రెండు ఉపాయాలు చెప్పాడు. దినదినమూ నడవడం అభ్యాసం. ఫోనును ఇంట్లో విడిచి రావడం ఆ కాసేపటికి వైరాగ్యం. మనవంటివారికి అంతటి వైరాగ్యమైనా మొదటి మెట్టే.

కొన్ని నెలలకు ఒక సాయంకాలం, తప్పిపోయిన ఆ పనస స్వరంతో సహా తనంతట తానే నోటికి వచ్చింది. నేను వెతకలేదు. ఆనందంతో నిలబడిపోయాను. అది చెప్పుకుందామని వెనుదిరిగి చూశాను. నాలుగడుగుల వెనుక ఎవరూ లేరు. ఆమె పోయిన ఏడాదిన్నర తరువాత, ఆనాడు, ఆ గట్టు మీద, నాకు మొదటిసారిగా కన్నీళ్ళు వచ్చాయి.

కనుక భక్తులారా, మనస్సు నిర్మలమైతే వెంటనే సుఖమే కలుగుతుందని నేను చెప్పను. చెరువులో నీరు తేరుకుంటే అడుగున ఉన్నది కనబడుతుంది. ముత్యం ఉంటే ముత్యం, ముల్లు ఉంటే ముల్లు. ముల్లు కనబడితేనే కదా తీసుకోగలము! ఎప్పుడూ ఏదో వింటూ, ఏదో చూస్తూ మనం నీటిని కలుపుతూనే ఉంటే, అడుగున ఏమున్నదో ఈ జన్మకు తెలియకుండానే పోతుంది.

మన తెలుగువారికి ఒక గొప్ప పాదచారి ఉన్నాడు. తాళ్ళపాక అన్నమాచార్యులవారు, 1408లో జన్మించి 1503 దాకా జీవించిన మహనీయుడు. బాల్యంలో ఇల్లు విడిచి నడుచుకుంటూ తిరుమల కొండ ఎక్కాడు. మోకాళ్ళ పర్వతం దగ్గర అలసిపోయి వెదురుపొద కింద బండ మీద పడి నిద్రించాడు. అలమేలుమంగ తల్లి సాక్షాత్కరించి, ఈ కొండ సాలగ్రామమయం, పాదరక్షలు విడిచి ఎక్కు నాయనా అని, ప్రసాదం పెట్టి ఆకలి తీర్చినట్లు ఆయన మనుమడు చిన్నన్న రచించిన చరిత్రలో ఉన్నది. పాదరక్షలు చెడ్డ వస్తువులా? కావు. ముల్లు గుచ్చుకోకుండా కాపాడేవి. అయినా పవిత్రమైన నేలకూ తన పాదానికీ నడుమ అడ్డుగా ఉన్నవి. తల్లి ఆ అడ్డు తీయించింది. తరువాత ఆయన నోట వాక్కు పొంగింది. ఈనాడు అలిపిరి నుండి సుమారు 3,550 మెట్లు ఎక్కేవారు పాదరక్షలు కిందనే విడుస్తున్నారు. చేతిలోని ఫోనును మాత్రం శ్రీవారి ఆలయం దాకా మోసి, అక్కడ నియమం ఉన్నది కనుక అప్పగిస్తున్నారు. ఆ అడ్డును మెట్ల దారిలోనే తీసివేయవచ్చునని నా మనవి.

ఒకరు నన్ను అడిగారు: “అయ్యా, మేము ఫోనులో విష్ణు సహస్రనామమే వింటూ నడుస్తాము, అది కూడా దోషమా?” దోషం కాదు. ఇంట్లో వినండి, వంట చేసుకుంటూ వినండి. నడకలో మాత్రం మీ నోటితో మీరు పలకండి. మొత్తం రాకపోతే ఒక్క నామం చాలు. పరుల కంఠం వినడం వేరు, మన కంఠాన్ని పవిత్రం చేసుకోవడం వేరు. పైగా చెవులు మూసుకొని నడిస్తే వెనుకనుండి వచ్చే వాహనం వినబడదు. మరొకరు తమ చేతి గడియారం అడుగులు లెక్కపెడుతుందని, పదివేలు పూర్తి కాకపోతే మనస్సు బాగుండదని అన్నారు. లెక్క ఆరోగ్యానికి పనికివస్తే మంచిదే. కాని మనశ్శాంతి కొరకు నడిచి, లెక్క తక్కువయిందని మనశ్శాంతి పోగొట్టుకుంటే ఏమి ప్రయోజనం?

ఆచరణకు కొన్ని సూచనలు చెప్పి ముగిస్తాను. దినానికి ఒక ఘడియ నడవండి. సూర్యోదయానికి ముందో, సాయం సంధ్య తరువాతో, ఒకే వేళ, వీలైతే ఒకే దారి. ఎక్కడికి వెళుతున్నారో, ఎప్పటికి వస్తారో ఇంట్లో చెప్పండి. నావంటి వృద్ధులు ఒక చీటీ మీద తమ పేరు, ఇంటివారి ఫోను సంఖ్య వ్రాసి జేబులో ఉంచుకోండి. ఒంటరిగా వెళ్ళే స్త్రీలు, ఇంట్లో రోగి ఉన్నవారు ఫోను తీసుకొని వెళ్ళవలసి వస్తే సంచిలో అడుగున పెట్టండి, మోగితే తప్ప తీయకండి. ఇద్దరుగా నడిచేవారు సమంగా నడవండి. ఒకరు ముందు, ఒకరు వెనుక వద్దు.

రాబోయే గిరి ప్రదక్షిణలో పదిమంది కలిసి వెళుతుంటే ఆ గుంపుకు ఒక్క ఫోను చాలును. అది బాధ్యత తెలిసిన ఒకరి దగ్గర ఉండాలి. మిగిలినవారు తప్పిపోతే ఎక్కడ కలుసుకోవాలో ముందే అనుకోండి. దారి పొడుగునా నీరు, మజ్జిగ, ప్రసాదం ఇచ్చే చేతులుంటాయి. వాటిని చూడండి, వారికి నమస్కరించండి. దృశ్యాలను ఫోనులో పట్టి ఊళ్ళో ఉన్నవారికి పంపాలనే ఆతురతలో, ఎదుట ఉన్న కొండను చూడడం మరచిపోకండి. 32 కిలోమీటర్లు నడవలేని వారు తమ ఊరి గుడి చుట్టూ మూడు ప్రదక్షిణలు చేసినా స్వామి సంతోషిస్తాడు. ఆయన దూరాన్ని కొలిచేవాడు కాడు.

నా శరీరం సహకరించినంత దూరం ఈ చతుర్దశి నాడు నేను కూడా మీతో నడుస్తాను. నా ఫోను మా కోడలి దగ్గర, ఇంట్లో ఉంటుంది. దారిలో నాతో ఎవరైనా మాట్లాడదలచుకుంటే నా పక్కకు వచ్చి మాట్లాడండి. వింటాను.

శ్రీ వరాహలక్ష్మీనృసింహస్వామి మీకందరికీ దృఢమైన పాదాలను, నిశ్చలమైన మనస్సును అనుగ్రహించుగాక!

స్వస్తి.